నేను ప్లస్ పెట్టించిన విశ్వం

విశ్వరహస్యం ఛేదిద్దామని ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లకు ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ముప్పై ఏళ్లకు పైగా నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పాను. దాంతోపాటు విశ్వ నమూనాల మీద పరిశోధన చేశాను, చేయించాను. ఇన్నేళ్లలో పని కోసం ఆకాశం వైపు చూసింది ఒక్కసారీ లేదు. చూసినప్పుడల్లా కళ్లంలో మిరపకాయల మీద పట్టా కప్పాలా వద్దా అని చూశాను.

ప్రమోషన్లు, కమిటీలు, సన్మానాలు వదిలేస్తున్నాను. ఇంట్లో శాలువాలు పదకొండున్నాయి, ఒక్కటీ చలికి ఆగదు. నేను రాయదలచుకున్నది మా పని నిజంగా ఎలా జరుగుతుందన్నది. అందులో నేను చేసిన ఒక తప్పు గురించి, దాని తర్వాత చేసిన ఇంకా పెద్ద తప్పు గురించి. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోదాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

గడి నింపడం

విశ్వం ఎలా పెరుగుతోందో చెప్పడానికి వందేళ్ల నాటి సమీకరణాలున్నాయి. ఒక వైపు స్థలకాలాల వంపు, ఇంకో వైపు పదార్థం. వాటిని ఉన్నవి ఉన్నట్టు సాధించడం మానవమాత్రుల వల్ల కాదు. అందుకని విశ్వం అంతటా ఒకేలా ఉందని అనుకుంటాం. క్రోసూరులో ఎలా ఉందో అచ్చంపేటలోనూ అలాగే, నక్షత్రాల అవతలా అలాగే. దీన్ని సజాతీయ నమూనా అంటాం. అయితే అంతటా ఒకేలా ఉన్నంత మాత్రాన అన్ని దిక్కులకూ ఒకేలా సాగాలని లేదు. జొన్నరొట్టె మందం అంతటా ఒకటే ఉన్నా, కొట్టే చెయ్యి వాటాన్ని బట్టి ఒక పక్కకు పొడుగ్గా సాగుతుంది. విశ్వంలో ఆ సాగుడు తేడాను షియర్ అంటాం. మా అందరి బతుకుతెరువూ ఆ తేడా మీదే.

నాకు డాక్టరేట్ చేయించిన గైడుగారిని శిష్యులందరం పెద్దాయన అనేవాళ్లం. మనిషి బంగారం. పాఠం చెబితే బెంచీలు కూడా వినేవి. కానీ ఆయన గది గోడకు ఒక చార్టు ఉండేది. అడ్డంగా గురుత్వాకర్షణ సిద్ధాంతాలు, అంటే అసలుదీ దానికి జనం చేసిన రకరకాల మార్పులూ. నిలువుగా విశ్వం రకాలు. దాదాపు ప్రతి గడిలోనూ ఒక శిష్యుడి పేరు పెన్సిల్‌తో రాసి ఉండేది. పెళ్లి చేసుకుని కనిపించకుండా పోయినవాడి పేరు రబ్బరుతో చెరిపి ఆ గడి ఇంకొకరికి ఇచ్చేవారు.

నేను చేరిన రోజు ఆయన చార్టులో ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఒరేయ్, దున్నేవాడిదే భూమి, నింపినవాడిదే గడి. ఇది నీది" అన్నారు. నేను దండం పెట్టి ఆ గడి తీసుకున్నాను. ఆ విశ్వం నిజంగా ఉందా, ఉండే అవకాశముందా అని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్క గడివాడి థీసిస్ తీసుకుని, రెండు పదాలు మార్చి, గ్రాఫులు గీసి, మూడేళ్లలో డాక్టరునయ్యాను. తర్వాత నేను కూడా పిల్లలకు గడులు పంచాను.

ఒక నియమం మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. విశ్వం అన్ని దిక్కులకూ సమానంగా సాగుతోందని తేలితే పేపర్ లేదు. అది అందరికీ తెలిసిందే గదా, కొత్తేముంది అంటారు. వంకరగా సాగితేనే గ్రాఫు వస్తుంది, గ్రాఫు వస్తేనే పేపర్ వస్తుంది. కాబట్టి మా విశ్వాలన్నీ వంకరే.

కరస్పాండెంటు గారి సందేహం

మా కాలేజీ కరస్పాండెంటుకు ఒక పత్తి మిల్లు, నాలుగు లారీలు, అప్పుడప్పుడూ మారే ఒక పార్టీ ఉండేవి. ఆయన ఒకసారి నన్ను గదికి పిలిపించారు.

"ఏంది మాస్టారూ, విశ్వం పెరుగుతా ఉందంట గదా?"

"అవునండి."

"అయితే మన పొలాలు గూడా పెరుగుతయ్యా?"

"పెరగవండి. గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నవి పెరగవు. మధ్యలో ఉన్న ఖాళీ పెరుగుతుంది."

ఆయన కాసేపు ఆలోచించారు. "అంటే సర్వే నంబరు లేని భూమి. మనకు సంబంధం లేదు, పోండి."

స్టాఫ్ రూమ్‌లో ఈ కథ చెప్పి చాలాకాలం నవ్వించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనే నయం. నా జీవితంలో ఏ వైవాలోనూ ఏ ఎగ్జామినరూ "ఇది నిజమైతే ఏం జరుగుతుంది" అని అడగలేదు. ఎన్ని పేపర్లు, ఏ జర్నల్, భోజనం ఎక్కడ అని అడిగారు. మేము కూడా వాళ్ల పిల్లలను అవే అడిగాం. పిల్లికి ఎలుక సాక్ష్యం.

కోటేశ్వరి

కోటేశ్వరి నా చివరి స్కాలర్. మాచర్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేది. డాక్టరేట్ ఉంటే డిగ్రీ సెక్షన్‌లోకి తీసుకుంటామని మేనేజ్‌మెంటు మాటిచ్చింది. అత్తవారిది మిరప వ్యవసాయం. కోతలున్న నెల తప్ప ప్రతి రెండో శనివారం బస్సెక్కి నా దగ్గరికి వచ్చేది. సందేహం వస్తే వదలదు, అలాగని గొంతు పెంచదు. ఇలాంటి విద్యార్థి దొరకడం గైడుకు అదృష్టం. తప్పు చేసిన గైడుకు మాత్రం నరకం.

ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర పాత గడులేవీ మిగల్లేదు. అప్పుడే ఒక కొత్త సిద్ధాంతం వచ్చింది. అందులో విశ్వం మొత్తం ఆకారం, అంటే టోపాలజీ, సమీకరణంలోకే వస్తుంది. టోపాలజీ అంటే భయపడక్కర్లేదు. బూరెకు చిల్లుండదు, గారెకు ఉంటుంది. గారెను ఎంత నొక్కినా, సాగదీసినా, తుంచితే తప్ప చిల్లు పోదు. అలా సాగదీసినా పోని లక్షణమే టోపాలజీ. ఒక్కో ఆకారానికి పుట్టుకతో వచ్చే వంపు ఒకటుంటుంది. ఈ కొత్త సిద్ధాంతం ఆ పుట్టుక వంపును ముందే తీసేసి మిగతాది లెక్క పెట్టమంటుంది. నెయ్యి తూచేటప్పుడు గిన్నె బరువు తీసేస్తాం చూడండి, అలా.

నాకు మాత్రం చార్టులో కొత్త నిలువు వరుస కనిపించింది. ఎన్ని ఆకారాలుంటే అన్ని పేపర్లు.

ఇక్కడ ఒక వృత్తి రహస్యం చెప్పాలి. వంపుకు ప్లస్ గుర్తు పెట్టుకోవాలా మైనస్ పెట్టుకోవాలా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. మొదటి పేజీలో చెప్పి చివరిదాకా దానికే కట్టుబడితే చాలు. దీన్ని కన్వెన్షన్ అంటాం. పెద్దాయన తన కుర్రతనంలో ఏదో పుస్తకంలో నేర్చుకున్న గుర్తు ఆయన శిష్యులందరికీ ఇంటిపేరులా వచ్చింది. కొత్త సిద్ధాంతం రాసినవాళ్లది దానికి ఎదురు గుర్తు. నేను నా పాత పేపర్ ఫైలు తెరిచి అందులోని సమీకరణాలు ఎత్తిపెట్టాను. పక్కన వాళ్ల కొత్త పదాన్ని వాళ్ల గుర్తుతోనే దింపాను. ఆ ఫైలు కోటేశ్వరికి పంపాను.

రెండు రోజులకు ఫోన్ చేసింది. "సార్, ఇక్కడ ప్లస్సా మైనస్సా? నాకు మైనస్ అనిపిస్తాంది."

నేను భోజనం చేస్తున్నాను. "ప్లస్ పెట్టమ్మా" అన్నాను.

పెట్టింది. గిన్నె బరువు తీసేయాల్సింది పోయి ఇంకోసారి కలిపాం. వంపు రెట్టింపైంది. విశ్వం ఒక దిక్కుకు ఉరికింది, ఇంకో దిక్కుకు ముడుచుకుంది. గ్రాఫులు అద్భుతంగా వచ్చాయి. పేపర్ అచ్చయింది. జర్నల్ వాళ్లు పంపిన పరిశీలనలో రెండు చోట్ల కామా పెట్టమన్నారు, పెట్టాం.

మొదట్నుంచి చేసిన లెక్క

థీసిస్ ఇవ్వడానికి ఆఖరి గడువు ఇంకో నెల ఉందనగా ఒక రెండో శనివారం ఆమె వచ్చింది. అప్పటికే రెండుసార్లు పొడిగించిన రిజిస్ట్రేషన్. ఈసారి దాటితే రద్దవుతుంది. కూర్చోకుండా నాలుగు కాగితాలు నా ముందు పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"మా ఇంటర్ పిల్లలకు రోజూ మొదట్నుంచి చెయ్యమని చెప్తా సార్. నేనేమో మీ ఫైల్లోంచి ఎత్తుకొచ్చా. సిగ్గేసింది. మొత్తం మొదట్నుంచి చేశా. అక్కడ మైనసే రావాల."

"మైనస్ వస్తే ఏమయిద్ది?"

"వంపు మొత్తం కొట్టేసుకుపోయిద్ది. ఒక్క ఆకారానికే కాదు సార్, మూడు తీసుకుని చూశా. మూడిట్లోనూ అంతే. చదునుగా ఉన్న విశ్వానికి ఏ లెక్క వచ్చిద్దో అదే మిగిలిద్ది. మొదట్లో దిక్కుల మధ్య తేడా ఉన్నా పోనుపోను సన్నగిల్లిపోయిద్ది. ఏ ఆకారంలో ఉన్నా విశ్వం సమానంగా సాగొచ్చు."

ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నాకు గుర్తుంది. కొత్త ఊరు చూసొచ్చిన మనిషిలా ఉంది. నేను అడిగింది మాత్రం, "అట్టయితే మన గ్రాఫుల సంగతి?"

"ఉండవు సార్."

"అన్నీ కొట్టేసుకుంటే పేపర్లో ఇంకేం మిగిలిద్దమ్మా?"

 చూసి చెబుతానని కాగితాలు తీసుకున్నాను.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. పావుగంట కూడా పట్టలేదు. ఆమె లెక్క కడిగిన ముత్యం. తప్పు నా ప్లస్సుదే. నిజాయితీగా చెప్పాలంటే ఆ పావుగంటలో ఆనందమే వేసింది. ముప్పై ఏళ్లుగా వంకర విశ్వాలు అమ్ముకున్నవాడికి, ఇంత సాదా ఫలితం, ఇంత అందమైనది, కళ్లెదుట కనిపించింది. ఆ తర్వాత కాఫీ వచ్చింది, కాఫీతోపాటు బుద్ధి కూడా వచ్చింది.

థీసిస్‌కు అచ్చయిన పేపర్లు రెండుండాలి. ఆమెవి సరిగ్గా రెండు. ఒకటి వెనక్కి తీసుకుంటే థీసిస్ లేదు, థీసిస్ లేకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, డిగ్రీ సెక్షన్ ఉద్యోగం పోతుంది. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం, అబద్ధం కాదు. కానీ దాని వెనక ఇంకోటి ఉంది. ఆ పేపర్‌లో నా పేరుంది. రిటైరయ్యే వయసులో ప్లస్సూ మైనస్సూ తెలియని వాడనిపించుకోవాలి. పెద్దాయన శిష్యులందరూ చదివి నవ్వుకుంటారు. ఆమె కోసం ఎంత భయపడ్డానో తెలియదు గాని, నా కోసం మాత్రం బాగా భయపడ్డాను.

సోమవారం ఫోన్ చేసి చెప్పాను. "కన్వెన్షన్ తేడా అమ్మా. వాళ్ల పుస్తకం ప్రకారం నీది రైటు, మన పుస్తకం ప్రకారం మనది రైటు. రెండూ రైటే."

"రెండూ ఎట్టా రైటవుతయి సార్? ఒకదాంట్లో విశ్వం సమానంగా సాగుతాంది, ఇంకోదాంట్లో సాగట్లేదు గదా?"

"అది అనుభవం మీద తెలుస్తుంది."

పిల్లలూ, ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లు "అనుభవం మీద తెలుస్తుంది" అంటే రెండే అర్థాలు. వాళ్లకు తెలియదు, లేదా తెలిసి చెప్పడం లేదు. తెలిసినవాడు కాగితం తీసి లెక్క చేసి చూపిస్తాడు.

కోటేశ్వరి "సరే సార్, నాకు కన్వెన్షన్లు అంత తెలియవు" అంది. ఆ నాలుగు పేజీలను థీసిస్ చివర అనుబంధంగా పెట్టుకుంటానని అడిగింది. వద్దన్నాను. పెట్టలేదు.

వైవాకు వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన శిష్యుడే, నాకు రెండేళ్లు సీనియర్. థీసిస్ తిరగేస్తూ సరిగ్గా ఆ అధ్యాయం దగ్గరే ఆగాడు. "ఈ వంకర చానా బాగుందమ్మా. ఎట్టా వచ్చింది?"

కోటేశ్వరి ముందు నా వైపు చూసింది. "మా సార్ కన్వెన్షన్‌లో అట్టా వచ్చిద్దండి" అంది. ఎగ్జామినర్ నవ్వాడు, గదిలో అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. డాక్టరేట్ వచ్చింది. డిగ్రీ సెక్షన్‌లో చేర్చుకున్నారు. రెండో శనివారాలు ఆగిపోయాయి. పనుల్లో పడిపోయింది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

మాచర్లలో

నేను రిటైరైన రెండేళ్లకు ఒక విదేశీ పేపర్ నా కంటపడింది. పాత అలవాటు, ఇంకా ఫోన్‌లో కొత్త పేపర్ల జాబితా చూస్తుంటాను. అదే సిద్ధాంతం, సజాతీయ నమూనాలు. ఆకారాలన్నీ ఒక్కొక్కటే తీసుకుని ఓపిగ్గా చేశారు. ఫలితం ఒక్క ముక్కలో చెప్పారు. ఆకారం ఏదైనా వంపు లెక్కలోంచి తప్పుకుంటుంది, విశ్వం అన్ని దిక్కులకూ సమానంగా విస్తరించగలదు. కోటేశ్వరి నా ముందు నిలబడి చెప్పిందే. ఆమె మూడు ఆకారాలకు చేసింది, వీళ్లు అన్నిటికీ చేశారు. కానీ ఆమె ముందు చేసింది.

దాన్ని అచ్చు తీయించుకున్నాను. జర్నల్‌కు ఒక ఉత్తరం కూడా రాసుకున్నాను, మా పేపర్‌లో గుర్తు తప్పు పడిందని, దాన్ని వెనక్కి తీసుకోమని. రెండూ సంచిలో పెట్టుకుని మాచర్ల బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ పోయాను. గురజాల దాటేసరికి నా తప్పు నాకే చాలా చిన్నదిగా కనిపించేంత బాగా కుదిరాయి.

స్టాఫ్ రూమ్‌లో ఆమె ఒక్కతే ఉంది. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ఏంది సార్ ఇంత దూరం? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని గదా" అంది. నేను పేపర్ చేతిలో పెట్టాను.

మొదటి పేజీ చదివింది. రెండోది చదివింది. మూడో పేజీలో సమీకరణం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ గుర్తులు చూసుకుంది. కోప్పడుతుందని సిద్ధపడి ఉన్నాను. ఆమె కళ్లు తడయ్యాయి, ముఖం మాత్రం విప్పారింది.

"నాది రైటేనన్నమాట సార్."

"రైటేనమ్మా."

"నేను తప్పు చేశానేమో అనుకున్నా ఇన్నాళ్లూ. రెండూ ఎట్టా రైటో ఎన్నిసార్లు కూర్చున్నా అర్థం కాలా. ఆపాటి కన్వెన్షన్ అర్థం కానిదానికి నాకీ పని ఎందుకులే అని ఆ పుస్తకాలన్నీ అటకెక్కించేశా." ఆమె చిన్నగా నవ్వింది. "పాపం మీరు గూడా ఇప్పుడే చూసుకున్నారా సార్?"

అవునంటే సరిపోయేది. ఆమె నాకు తలుపు తెరిచి పెట్టింది, నేను దూరిపోతే చాలు. కానీ ఆ సంతోషం చూశాక ఇంకో అబద్ధం ఆడడానికి నోరు రాలేదు. ఈ పిల్ల పరిశోధన మానేసింది తీరిక లేక కాదు, నా మాట నమ్మి.

"కాదమ్మా. నువ్వు కాగితాలిచ్చిన మర్నాడే చూశా. నాకప్పుడే తెలుసు."

ఆమె పేపర్ బల్ల మీద పెట్టింది. బయట వరండాలో ఎవరో పిల్లల్ని అదిలిస్తున్నారు.

"మరి చెప్పలేదేంది సార్?"

బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. "భయమేసిందమ్మా" అన్నాను.

"దేనికి? గుర్తు తప్పేగా సార్. మా పిల్లలు రోజుకు పది చేస్తారు. కొట్టేసి పక్కన రాస్తారు."

ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగింది. నేను తల వంచుకుని సంచిలోంచి ఉత్తరం తీసి ఇచ్చాను. జర్నల్‌కు పంపుదామనుకుంటున్నానని, ఆమెకు ఇష్టమైతేనే అని చెప్పాను.

"ఇది పంపితే నా డాక్టరేట్ పోయిద్దా?"

"పోకపోవచ్చు. కానీ పోదని చెప్పలేను."

ఆమె కిటికీ వైపు కొంచెంసేపు చూసింది. డిగ్రీ సెక్షన్ తరగతి అక్కడి నుంచి కనిపిస్తుంది. తర్వాత ఉత్తరం దగ్గరికి లాక్కుని, పరీక్ష పేపర్ దిద్దినట్టు పై నుంచి కిందికి చదివింది. "ఈ పొరపాటు మా వల్ల జరిగింది" అని రాశాను. ఇద్దరి పేర్లున్న పేపర్‌కు అలా రాయడం మా వృత్తిలో మర్యాద. రాస్తున్నప్పుడు నాకు అందులో ఏ తప్పూ కనిపించలేదు.

ఆమె ఎర్ర పెన్ను తీసింది. "మా వల్ల" అన్నది కొట్టేసి, పక్కన "నా వల్ల" అని రాసి, కాగితం నా వైపు తిప్పింది.

"సంతకం పెట్టండి సార్. నాకు క్లాసుంది."

పెట్టాను.